రిటైరయ్యాక మన టైమంతా గుడిదేనా? ఒక సందేహం

లెక్కల మాస్టారు (నరసరావుపేట దగ్గర):

అందరికీ వందనాలు. నాలుగు రోజులుగా ఇది రాయడం, చెరిపేయడం అవుతోంది. ఈసారి ఎలా వస్తే అలా పెట్టేస్తున్నాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి 2024లో రిటైరయ్యాను. 2022లో రిటైర్మెంట్ వయసు 62కి పెంచారు కాబట్టి మా బ్యాచ్‌కి రెండేళ్లు కలిసొచ్చాయి, ఆ రెండేళ్లలో "రిటైరయ్యాక చూద్దాంలే" అనుకున్న పనుల లిస్టు చాంతాడంత అయింది. బైబిలు ఆదికాండం నుంచి తొందర లేకుండా చదవాలి, మా ఆవిడని తీసుకెళ్లి మెదక్ చర్చి చూపించాలి (పెళ్లయిన కొత్తలో ఇచ్చిన మాట అది), పెరట్లో ఎండిపోయిన నిమ్మచెట్టు తీసేసి కొత్తది వెయ్యాలి. ఇవేవీ కాలేదు. నిమ్మచెట్టు మోడు ఇంకా అలాగే ఉంది.

ఏం జరిగిందంటే, శాలువా కప్పిన రోజే మా సంఘపెద్ద ఒకాయన మైకు తీసుకుని "ఇక మాస్టారు పూర్తిగా దేవుడి పనికే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. ఇప్పుడు నేను సంఘానికి కోశాధికారిని, కొత్త మందిరం కట్టే కమిటీలో మెంబర్ని, మంగళవారం ఇళ్లలో కాటేజీ ప్రార్థనలు, శుక్రవారం ఉపవాస కూటం, ఆదివారం సండే స్కూలు. ఇవి కాక సిమెంటు లారీ వస్తే దింపించుకోవాలి, కరెంటాఫీసుకి వెళ్లాలి, ఎవరింట్లో గృహప్రవేశమైనా ముందే వెళ్లి కుర్చీలు వేయించాలి. ఎందుకంటే "మాస్టారు ఖాళీయే కదా". ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకు రెండో శనివారం అయినా ఉండేది.

మా ఆవిడకి మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది. మొన్న నేను చెప్పులు వేసుకుంటుంటే "బడి అయిపోయింది, గుడి మొదలైంది" అని, ఇంకేం అనకుండా లోపలికి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బావుండేది.

ఇంకోటి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రోజులో ఇంతసేపు గుడిలోనే ఉంటున్నా, ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఇసుక రేటు కనపడుతోంది. బడికి వెళ్లే రోజుల్లో బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేసుకున్న ప్రార్థనలో ఉన్న ప్రాణం ఇప్పుడు లేదు.

ఇక డబ్బు సంగతి. జీపీఎఫ్ (జీతంలోంచి నెలనెలా దాచుకున్నది), గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే తీసుకునేది) అన్నీ కలిపి చేతికొచ్చాయి. ఒక ఆదివారం ప్రార్థనలో "మన మధ్య ఒక సహోదరుడికి దేవుడు పెద్ద మొత్తం ఇచ్చాడు, ఆయన హృదయాన్ని కదిలించు ప్రభువా" అని పేరు చెప్పకుండా చెప్పేశారు. వంద తలకాయలు నా వైపు తిరిగాయి. ఆ డబ్బంతటి మీద దశమభాగం, అంటే పదో వంతు, మందిరానికి ఇస్తానని అందరి ఆశ. మా అమ్మ అన్నం వండేముందు ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడి కోసం కుండలో వేసేది, ఆ అలవాటుతోనే నా మొదటి జీతం నుంచి దశమభాగం ఒక్క నెల కూడా ఆపలేదు. ఇవ్వడానికి బాధ లేదు. కానీ ఆవిడకి ఆపరేషన్ ఉంది, హైదరాబాదులో అమ్మాయి ఇంటి లోన్ ఉంది.

కాబట్టి రెండు ప్రశ్నలు. దేవుడి పనికి "కుదరదు" అంటే పాపమా? ఆ మొత్తం మీద దశమభాగం ఇవ్వాల్సిందేనా? నొప్పించకుండా నిజం చెప్పండి, లేదా నొప్పించినా ఫర్వాలేదు నిజం చెప్పండి.

---

బెజవాడ గార్డు:

వందనాలు మాస్టారూ. గూడ్సు బండి వెనక పెట్టెలో ముప్పై ఏళ్లు ఒంటరిగా కూర్చున్నవాణ్ని, నాకు మాట్లాడేవాళ్లు దొరికితే వదలను, కాస్త ఓపిక పట్టండి. (2022లో మా గార్డు పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. నేను అప్పటికే దిగిపోయాను. కాబట్టి నేను గార్డునే.)

ముందు మీ రెండో ప్రశ్న, ఎందుకంటే అది లెక్క, లెక్క మీకు వచ్చు, కంగారులో మర్చిపోయారు అంతే. మీరు దశమభాగం మొత్తం జీతం మీద ఇచ్చేవారా, కటింగులు పోగా చేతికొచ్చిన దాని మీదా? మొత్తం మీద ఇచ్చి ఉంటే జీపీఎఫ్‌లో మీరు దాచుకున్న అసలుకి ఎప్పుడో ఇచ్చేసినట్టే. మిగిలింది దాని వడ్డీ, అంతే. కమ్యుటేషన్ అయితే అది కొత్తగా వచ్చిన డబ్బు కానే కాదు, మీ రేపటి పెన్షన్‌లో ఒక ముక్క కోసి ఇవాళ చేతిలో పెట్టారు, దాని బదులు ఏళ్ల తరబడి నెలనెలా తగ్గించి ఇస్తారు. ఇప్పుడు కమ్యుటేషన్ మీద ఇచ్చి, మళ్లీ ప్రతి నెలా తగ్గించకముందున్న పెన్షన్ మీద కూడా ఇస్తే ఒకే రూపాయికి రెండుసార్లు ఇచ్చినట్టు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కొత్తవి. వాటి మీద ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. దేవుడు ఆడిటర్ అని నేను అనట్లేదు, మనసుకి భయం పట్టినప్పుడు కాగితం మీద రాసుకుంటే సగం భయం పోతుందని అంటున్నాను.

ఎంత ఇచ్చినా మైకులో చెప్పనివ్వొద్దు. మా దగ్గర ఒకాయన పెద్ద మొత్తం ఇచ్చాడు, గోడ మీద రాతిపలక పెట్టారు, ఇప్పుడు పాపం జ్వరమొచ్చి గుడికి రాకపోయినా "పలక ఆయన రాలేదేంటి" అంటారు.

ఇంకో మాట మార్కు సువార్త 7లో ఉంది, కొర్బాను సంగతి. తల్లిదండ్రులకి పెట్టాల్సింది దేవుడికి అర్పితం అనేసి చేతులు దులుపుకునేవాళ్లని ప్రభువు ఎంత గట్టిగా తిట్టాడో చదవండి. అక్కడ ఉన్నది తల్లిదండ్రులే, కానీ మోకాళ్లు అరిగిన భార్యకి అది వర్తించదని ఏ అయ్యగారైనా చెబితే నాకు చూపించండి.

ఆపరేషన్‌కి పక్కన పెట్టగా మిగిలింది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసుకోండి, ఒక్కొక్కరికి 30 లక్షల వరకు వేసుకోవచ్చు, అయిదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది. ఆ వడ్డీలోంచి కానుక ఇస్తుంటే సంఘానికీ ఒక ఆధారం, అసలు కదలదు. పిల్లలకి ఇవ్వాలనుకున్నది కూడా ఒకేసారి ఇచ్చేయకండి. ఇది అనుభవం, వివరాలు అడగొద్దు.

ఇక పని సంగతి. నేను కమిటీల్లో లేను. నా పని ఏడాదికి ఒక నెల, నవంబరు. మా సంఘంలో సెంట్రల్ పెన్షనర్లు, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే విధవరాళ్లు పాతిక మంది దాకా ఉన్నారు. ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కుర్చీ వేసుకుని నా ఫోన్లో వాళ్ల జీవన్ ప్రమాణ్ (పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇచ్చే సర్టిఫికెట్) చేసిపెడతాను. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లే ఎక్కువ, అందుకని ముఖం చూపించే పద్ధతిలో. "మామ్మా, రెప్ప కొట్టు" అంటే కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెడుతుంది ఒకావిడ, ప్రతి ఏడాదీ. ఇంతకంటే పెద్ద పరిచర్య నాకు రాదు.

అన్నట్టు మాస్టారూ, మీ పెన్షన్ కాగితాల్లో మీ ఆవిడ పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా చూశారా? మన వాళ్లలో బాప్తిస్మం పేరు ఒకటి, పుట్టింటి పేరు ఒకటి ఉంటుంది. సర్వీస్ రిజిస్టర్లో ఎస్తేరమ్మ అని, ఆధార్‌లో కోటమ్మ అని ఉంటే రేపు మనం పోయాక ఆవిడ ఎన్ని ఆఫీసులు తిరగాలో. ఈ వారమే చూడండి. మందిరం స్లాబు కంటే ఇది ముందు.

---

నర్సమ్మ, గుంటూరు:

మాస్టారికి వందనాలు. నేను కుగ్లర్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయి, తర్వాత గవర్నమెంటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నొప్పించినా ఫర్వాలేదన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ పోస్టు అంతా చదివితే మీ ఆవిడ గురించి ఉన్నది ఒక్క పేరా. ఆవిడ ఎప్పుడు రిటైరయ్యింది? మీరు పొద్దున ఎనిమిదింటికి క్యారేజీ పట్టుకుని వెళ్లినన్నాళ్లూ ఆవిడ కట్టింది ఆ క్యారేజీ, ఇప్పుడు కమిటీవాళ్లు ఇంటికొస్తే టీ పెట్టేదీ ఆవిడే కదా, ఆ మోకాళ్లతోనే? "అరిచి ఉంటే బావుండేది" అన్నారు. అరిచే ఓపిక పోయిందేమో.

మా ఆయన చర్చి సెక్రటరీగా పన్నెండేళ్లు చేశారు. మంచి మనిషి, సంఘంలో ఎవరినడిగినా చెబుతారు. మేమిద్దరం కలిసి ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకున్న రాత్రులు లెక్కపెడితే వేళ్ల మీద సరిపోతాయి. రిటైరయ్యాక ఇద్దరం చేసుకుందాం అనుకున్నాం. నా రిటైర్మెంటుకి ఏడు నెలల ముందు ఆయన పోయారు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, నాకు చెప్పాలనిపించింది.

ఆయన పోయాక మూడు నెలలు నేను ప్రార్థన చెయ్యలేదు, ఇది మా పిల్లలకి కూడా తెలియదు. డ్యూటీల అలవాటుతో తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసేది, లేచి కూర్చునేదాన్ని, నోరు పెగిలేది కాదు. బైబిలు తీస్తే అక్షరాలు కనిపించేవి కానీ మాట అందేది కాదు. చివరికి మా అమ్మ పాడే పాత కీర్తనలే పాడుకోవడం మొదలుపెట్టాను, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరిగారివి. వాటిలో సగం మాటలకి అర్థం నాకిప్పటికీ సరిగ్గా తెలియదు, కానీ గొంతుకి దారి తెలుసు. మీకు ఇసుక రేటు కనపడితే కనపడనివ్వండి, దాని మీదే పాడుకుంటూ పోండి. నేను మందుల లిస్టు మీద పాడుకున్నాను.

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో బీపీ మిషను పెట్టుకుని కూర్చుంటాను. గంటసేపు, అంతే, గంటయ్యాక మూసేస్తాను. బీపీ కోసం వచ్చేవాళ్లలో సగం మందికి బీపీ ఉండదు, చెయ్యి ఎవరైనా పట్టుకుని రెండు నిమిషాలు కూర్చోవాలి. కోడలు పలకరించని అత్తలు, కొడుకు ఫోను ఎత్తని తండ్రులు. మొదట్లో నన్ను స్త్రీల సమాజానికి ప్రెసిడెంటుగా ఉండమన్నారు, "నాకు చేతనైంది ఇదమ్మా" అని చెప్పాను. ఏమీ అవలేదు. వేరే ఆవిడ అయింది, నాకంటే బాగా చేస్తోంది.

మోకాళ్ల ఆపరేషన్ గురించి ఒక్కమాట. ఆపరేషన్ డాక్టరు చేస్తాడు, నడిపించేది ఇంట్లోవాళ్లు. మొదటి ఆరు వారాలు మీరు పక్కనుండి రోజూ వ్యాయామం చేయించకపోతే పెట్టిన డబ్బు వృథా. ఆ ఆరు వారాలు కమిటీకి సెలవు చీటీ రాసివ్వండి, బడిలో పిల్లలు మీకు ఇచ్చినట్టు.

---

యూత్ సెక్రటరీ:

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. నేను రెండో వైపు నుంచి చెబుతాను. మా సంఘంలో కూడా మందిరం పని నడుస్తోంది. మేమంతా ప్రైవేటు ఉద్యోగాలు, షిఫ్టులు, ఒక పూట సెలవు పెడితే జీతం కట్. డిసెంబరులో క్యారల్స్‌కి రాత్రంతా తిరిగి పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాళ్లం. పగటిపూట బ్యాంకు పని, ఆఫీసు పని ఎవరు చెయ్యాలి? రిటైరైనవాళ్లు అందరూ "మాకు విశ్రాంతి" అంటే గుడికి తాళం వేసుకోవడమే. పైగా లెక్కలు తెలిసిన నిజాయితీపరుడు కోశాధికారిగా దొరకడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు, మాస్టారు తప్పుకుంటే ఆ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించారా? బైబిల్లో కాలేబు 85 ఏళ్ల వయసులో కూడా ఆ కొండ నాకివ్వు, గెలుచుకుంటాను అని అడిగాడు కదా, సలహాలన్నీ కొండ దిగమనేవే ఉన్నాయి.

---

నర్సమ్మ, గుంటూరు:

బాబూ, నువ్వు చెప్పింది అబద్ధమని అనను. కానీ ఆ కొండ కాలేబు అడిగి తీసుకున్నాడు, మాస్టారికి చప్పట్లు కొట్టి నెత్తిన పెట్టారు. సిమెంటు లారీ దింపడానికి 63 ఏళ్ల మనిషే కావాలా? లెక్కల పుస్తకం ఆయన దగ్గర ఉండనీ, లారీ మీరు దింపుకోండి.

---

వెనక బెంచీ అయ్యగారు:

సహోదరులకి, సహోదరికి వందనాలు. నేను దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) గురువుగా, అంటే పాస్టరుగా పనిచేసి విశ్రాంతిలోకి వచ్చినవాణ్ని, ప్రస్తుతం ఏలూరు దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాం. గురువుల రిటైర్మెంట్ గురించి బయటివాళ్లకి పెద్దగా తెలియదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పాస్టరేటు ఇల్లు (సంఘం ఇచ్చే ఇల్లు) ఉంటుంది, బదిలీ అయినప్పుడల్లా ఇంకో పాస్టరేటు ఇల్లు, నేను తొమ్మిది ఊళ్లు మారాను. చివరి రోజున తాళం చెవి ఇచ్చేశాక చూసుకుంటే మనకంటూ ఒక గది లేదు. మా ఇంటావిడ తొమ్మిది పెరళ్లలో కరివేపాకు మొక్కలు నాటింది, ఇప్పుడు కరివేపాకు బజార్లో కొంటోంది. దీని మీద నాకు ఫిర్యాదు లేదని చెబితే అబద్ధం అవుతుంది, అందుకని ఆ మాట చెప్పను.

మాస్టారూ, మీ మొదటి ప్రశ్నకి బైబిల్లో సూటిగా సంబంధించిన చోటు ఒకటి ఉంది, దాని మీద ప్రసంగం మీరు ఎప్పుడూ విని ఉండరు, నేనూ ఉద్యోగంలో ఉండగా ఒక్కసారి కూడా చెప్పలేదు. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివరి మూడు వచనాలు. లేవీయులు, అంటే దేవుడి సేవకి ఏర్పరచిన గోత్రంవాళ్లు, ఇరవై అయిదేళ్లకి ప్రత్యక్ష గుడారపు (ఆనాటి మోసుకెళ్లే మందిరం) సేవలో చేరాలి, యాభై ఏళ్లు రాగానే ఆ పని మానెయ్యాలి. మానెయ్యవచ్చు అని కాదు, మానాలి. ఆ తర్వాత కూడా తమవాళ్లతో ఉండి కాపలా విషయంలో సాయపడవచ్చు కానీ బరువు పని చెయ్యకూడదు. గుడారం అంటే పలకలు, దిమ్మలు, తెరలు, అన్నీ ఊడదీసి మోసుకెళ్లి మళ్లీ నిలబెట్టే పని. అంటే మన భాషలో చెప్పాలంటే సిమెంటు లారీ. నర్సమ్మగారు సరిగ్గా అక్కడికే వచ్చారు, ఆవిడకి ఈ వచనం గుర్తుండి అన్నారో లేదో నాకు తెలియదు.

నేను ఆ వచనాన్ని దయగా తీసుకుంటున్నాను. పెద్దవాడు తప్పుకోకపోతే చిన్నవాడు ఎప్పటికీ మొయ్యడం నేర్చుకోడు. యూత్ సెక్రటరీ బాబు అడిగిన ప్రశ్నకి కూడా జవాబు అందులోనే ఉంది, పుస్తకం ఎవరి చేతిలో పడుతుందని భయపడటం కంటే మాస్టారు ఈ ఏడాది ఇద్దరు కుర్రాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రసీదు ఎలా రాయాలో, వోచరు ఎలా అంటించాలో నేర్పిస్తే సరి. ఆయన వృత్తే అది.

కానీ మాస్టారూ, "కుదరదు" అనడం మీకెందుకు ఇంత కష్టంగా ఉందో కూడా ఒకసారి చూసుకోండి. నన్ను నేను చూసుకుని చెబుతున్నాను. రిటైరైన మొదటి ఏడాది ఆదివారం నాడు వెనక బెంచీలో కూర్చుంటే చేతులు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఆశీర్వాదం చెప్పేటప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే లేచేది, దాన్ని ఎడమచేత్తో పట్టుకునేవాణ్ని. ఎవరైనా వచ్చి "అయ్యగారూ, మీరు లేకపోతే ఈ పని కాదు" అంటే ఆ రోజు అన్నం బాగా సహించేది. నన్ను పిలుస్తున్నది దేవుడా, ఆ మాటలోని తీపా అని తేల్చుకోవడానికి చాలాకాలం పట్టింది, పూర్తిగా తేలిందని ఇప్పటికీ చెప్పలేను. ప్రస్తుతం నేను పెట్టుకున్న నియమం ఒకటే, గుడి నుంచి ఇంటికి నడిచే దారిలో ఆ రోజు ప్రసంగం మీద ఒక్క మాట కూడా అనకూడదు. మా ఇంటావిడ కాపలా. ఇప్పటికి రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ ప్రసంగం నిజంగానే బాగాలేదు.

దశమభాగం గురించి గార్డుగారు చెప్పినదానికి నేను కలపాల్సింది ఏమీ లేదు. పేరు చెప్పకుండా పేరు తెలిసేలా ప్రార్థించడం మాత్రం తప్పు. అలా చేసింది గురువైతే ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

---

డల్లాస్ కొడుకు:

నేను రిటైర్ అవ్వడానికి ఇంకా పాతికేళ్లు ఉంది, అయినా చదువుతూ ఆగలేకపోయాను. మా నాన్న ఒంగోలులో ఉంటారు, బాప్టిస్టు సంఘం, కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైర్ అయ్యారు. అమ్మ పోయాక ఇక్కడికి తీసుకొచ్చాను, ఆరు నెలలు ఉంచాలని. ఇక్కడ కూడా తెలుగు సంఘం ఉంది, ఆదివారం ఆరాధన, తర్వాత బిర్యానీ, అన్నీ ఉన్నాయి. కానీ కారు లేకుండా వీధి చివరికి కూడా వెళ్లలేరు, సోమవారం నుంచి శనివారం దాకా కిటికీ దగ్గర కూర్చునేవారు. మూడో నెలలో "నన్ను పంపించెయ్ రా" అన్నారు. నేను కోప్పడ్డాను, అక్కడ ఎవరున్నారు నాన్నా నీకు అని.

ఆయన వాదించలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండో సమూయేలు 19వ అధ్యాయం చదవమన్నారు. బర్జిల్లయి అనే ఎనభై ఏళ్ల ముసలాయన, దావీదు కష్టంలో ఉన్నప్పుడు తిండి పంపించినవాడు. దావీదు మళ్లీ రాజయ్యాక యెరూషలేముకి రా, నిన్ను నేను పోషిస్తాను అంటాడు. ఆయన అంటాడు, నాకు ఎనభై ఏళ్లు, తిన్నదాని రుచి తెలుస్తుందా, పాటకుల పాట వినిపిస్తుందా, నీకు నేను భారం ఎందుకు, నా ఊళ్లో మా అమ్మానాన్నల సమాధి దగ్గర చనిపోనివ్వు అని. తన బదులు కింహాము అనే కుర్రాణ్ని రాజుతో పంపిస్తాడు. నేను సగం చదివేసరికి నాకే గొంతు ఆగిపోయింది, మిగతాది మా అబ్బాయి వాడికి వచ్చిన తెలుగులో కూడబలుక్కుంటూ చదివాడు.

ఇప్పుడు ఆయన ఒంగోలులోనే ఉన్నారు. రోజూ మాకు పొద్దున, ఆయనకి రాత్రి అయ్యే టైముకి వీడియోలో పది నిమిషాలు ప్రార్థన చేసుకుంటాం. పిల్లల పేర్లు, వాళ్ల పరీక్షలు, మా ఆవిడ ఆఫీసు గొడవలు అన్నీ గుర్తుపెట్టుకుని పేరుపేరునా ప్రార్థిస్తారు. కమిటీలో ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. మాస్టారూ, మీ అమ్మాయికి లోన్ డబ్బు కావాలో, రోజూ ఆ పది నిమిషాలు కావాలో ఒకసారి అడిగి చూడండి. రెండూ కావాలంటుందేమో, అది వేరే సంగతి.

---

లెక్కల మాస్టారు (నరసరావుపేట దగ్గర):

అందరికీ పేరుపేరునా వందనాలు. వెంటనే రాయనందుకు ఏమనుకోకండి, మధ్యలో వారం రోజులు కొన్ని జరిగాయి.

ముందు గార్డుగారికి. మీరు చెప్పారని సాయంత్రమే బీరువా తీసి చూశాను. పెన్షన్ కాగితాల్లో మా ఆవిడ పేరు రత్నకుమారి, ఆధార్‌లో రత్నమ్మ, పుట్టిన సంవత్సరం కూడా రెండేళ్లు తేడా. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లల రికార్డుల్లో తప్పులు దిద్దినవాణ్ని! ట్రెజరీలో అడిగితే ఏమేం కాగితాలు కావాలో రాసిచ్చారు, తిరుగుతున్నాను. దశమభాగం లెక్క కూడా వేశాను. నేను ఇచ్చింది మొత్తం జీతం మీదే. మీ పద్ధతి ప్రకారం వచ్చిన అంకె, వాళ్లు ఆశించినదాంట్లో మూడో వంతు కూడా లేదు. దాన్ని కవరులో పెట్టి పేరు రాయకుండా కానుక సంచిలో వెయ్యాలని అనుకుంటున్నాను, కానీ లెక్కపెట్టేది కోశాధికారి, అంటే నేనే. ఎలా తప్పించుకోవాలో చూడాలి.

అయ్యగారూ, సంఖ్యాకాండం చదివాను. తర్వాత మీ కుడిచెయ్యి సంగతి మళ్లీ మళ్లీ చదివాను. నా సంగతీ అదే. "మాస్టారు లేకపోతే కాదు" అన్న మాట విన్నప్పుడల్లా లోపల ఏదో వెచ్చగా అవుతుంది. రిటైరైన మర్నాడు పొద్దున బెల్లు వినపడని ఇంట్లో కూర్చున్నప్పుడు వేసిన భయం ఎవరికీ చెప్పలేదు, బహుశా ఆ భయంతోనే అన్నింటికీ తలూపాను. ఇది మా ఆవిడకి చెప్పాను. "తెలుసు" అంది.

కమిటీలో మార్చి 31 దాకా మాత్రమే పుస్తకం చూస్తానని, లెక్కలు ఆడిట్ చేయించి అప్పజెబుతానని చెప్పాను. మందిరం కమిటీ నుంచి ఇప్పుడే తప్పుకున్నాను. సంఘపెద్దగారికి నచ్చలేదు, రెండు ఆదివారాలుగా చెయ్యి కలపడం లేదు. ఆయనతో నాకు నలభై ఏళ్ల స్నేహం, బాధగానే ఉంది. బీఎస్సీ చదువుతున్న ఒక అమ్మాయి, ఆటో నడిపే ఒక కుర్రాడు శనివారాలు వచ్చి కూర్చుంటున్నారు, ఆ కుర్రాడికి లెక్క నాకంటే వేగంగా వస్తోంది. సండే స్కూలు మానలేదు, అది నాకు ఇష్టం. యూత్ సెక్రటరీ బాబూ, నీ మాటలో న్యాయం ఉంది, నిన్ను కొట్టిపారెయ్యలేదు.

ప్రార్థన ఇంకా పొడిగానే ఉంది. నర్సమ్మగారూ, పాట మొదలుపెట్టాం, రాత్రి భోజనాలయ్యాక. నాకు రాగం రాదు, ఆవిడకి వచ్చు, నలభై ఏళ్లలో ఆవిడ గొంతు ఇంత బాగుంటుందని నేను పట్టించుకోలేదు.

అమ్మాయిని అడిగాను. రెండూ కావాలంది.

ఎముకల డాక్టరు గుంటూరులో గురువారం రమ్మన్నారు. మొదట ఒక మోకాలికే చేస్తారట. నర్సమ్మగారూ, ఆ ఆరు వారాల వ్యాయామం ఎలా చేయించాలో కాస్త వివరంగా రాస్తారా, కాగితం మీద రాసి గోడకి అంటించుకుంటాను.